బీచ్‌లో ఏరిన ప్లాస్టిక్ ముక్కల మీద బ్యాక్టీరియా ప్రమాదకరమా? మన వరంగల్ చెరువుల్లోనూ ఉంటుందా?

విశాఖ బీచ్‌లో మీ పాప ఏరుకొచ్చిన ప్లాస్టిక్ ముక్కలు జిగటగా ఉన్నాయని, వాటితో జబ్బు చేస్తుందా అని, మన చెరువుల్లోనూ ఇంతేనా అని అడిగారు. హన్మకొండలో డిగ్రీ పిల్లలతో మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ చేయిస్తుంటాను, అందుకే రాస్తున్నా.

ఆ జిగట చాలావరకు బ్యాక్టీరియా పనే. ప్లాస్టిక్ నీళ్లలో పడగానే నీటిలోని సేంద్రియ పదార్థం దానికి సన్నగా పట్టుకుంటుంది. బ్యాక్టీరియా దాని మీద చేరి, సొంతంగా జిగురు వదిలి అక్కడే పాతుకుపోతుంది. తర్వాత నాచు కూడా వస్తుంది. 2013లో ఎరిక్ జెట్లర్, ట్రేసీ మిన్సర్, లిండా అమరాల్-జెట్లర్ అనే శాస్త్రవేత్తలు ఉత్తర అట్లాంటిక్‌లో తేలుతున్న ముక్కలను పరీక్షిస్తే, వాటి మీది సూక్ష్మజీవులు చుట్టూ నీళ్లలో ఉన్నవాటికి భిన్నంగా కనిపించాయి. ఈ లోకానికి ప్లాస్టిస్ఫియర్ అని పేరు పెట్టింది వాళ్లే. ఒక ముక్క మీదైతే విబ్రియో జాతి బాగా పెరిగి ఉంది. కలరా కలిగించేది ఆ జాతిలోదే, కానీ అందులో అన్నీ జబ్బు చేసేవి కావు.

మన చెరువుల్లోనూ ఇదే జరుగుతుంది. వడ్డేపల్లి చెరువు అంచున నానిన పాల ప్యాకెట్ ముక్కను, కొత్త ప్యాకెట్ ముక్కను పక్కపక్కన పెట్టి, బ్యాక్టీరియా పొరకు పట్టుకునే క్రిస్టల్ వయొలెట్ అనే ఊదారంగు వేయించాను. కడిగాక కొత్తది దాదాపు తెల్లగానే ఉంది. చెరువుదాని మీద, ముఖ్యంగా గీతలు, మడతలు ఉన్నచోట, ఊదారంగు ఎంత కడిగినా పోలేదు. మైక్రోస్కోప్ కింద పెడితే ఆ గీతల వెంబడే కడ్డీల్లాంటి బ్యాక్టీరియా గుంపులు, మధ్యమధ్యలో పడవ ఆకారంలో డయాటమ్‌లు (కంటికి కనబడని ఒక రకం నాచు). పిల్లలు ఒకరినొకరు నెట్టుకుంటూ చూశారు.

రాయి మీద, కట్టె మీద కూడా పాచి పడుతుంది కదా అంటారేమో. కట్టె కుళ్లిపోతుంది, రాయి ఉన్నచోటే ఉంటుంది. ప్లాస్టిక్ ఏళ్ల తరబడి నిలిచి, ప్రవాహంతో ఎంత దూరమైనా పోతుంది. నన్ను కలవరపెట్టేది ఇదే. డ్రైనేజీ కలిసే నీళ్లలో ఆ పొర మీద పేగుల బ్యాక్టీరియా కూడా చేరుతుంది. స్కాట్లండ్ బీచ్‌లలో దొరికిన ప్లాస్టిక్ గుళికల మీద ఈ.కోలై అనే పేగుల బ్యాక్టీరియా కనిపించింది. పైగా దగ్గరదగ్గరగా ఉన్న బ్యాక్టీరియా యాంటీబయాటిక్స్‌కు లొంగని జన్యువులను సులువుగా ఇచ్చిపుచ్చుకుంటుంది. మేడారం జాతరప్పుడు జంపన్నవాగులో వదిలేసిన కవర్లు వానాకాలంలో గోదావరిలోకి, అక్కడి నుంచి బంగాళాఖాతంలోకి పోగలవు. సముద్రం మనకు దూరమే కానీ మన చెత్తకు కాదు.

"ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా దొరికిందట కదా" అని కొందరు ధీమాగా ఉంటారు. 2016లో జపాన్ వాళ్లు ప్రకటించిన ఇడియోనెల్లా సకాయెన్సిస్ సంగతి అది. 30 డిగ్రీల వేడిలో పలచటి పెట్ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్) పొరను కరిగించడానికి దానికి 6 వారాలు పట్టింది. మన క్యారీబ్యాగులు పాలిథిన్‌వి, దాన్ని అది తినదు.

ఇక మీ పాప సంగతి. ఆ ముక్కలు ముట్టుకున్నంత మాత్రాన జబ్బు రాదు, భయపడకండి. చేతులు సబ్బుతో కడిగించండి, నోట్లో పెట్టుకోనివ్వకండి. చేతికో కాలికో తెగిన గాయం ఉంటే మానేదాకా వాటి జోలికి పోనివ్వొద్దు. గాయం ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించి, సముద్రపు నీళ్లు తగిలాయని తప్పకుండా చెప్పండి.