బస్సు ట్రిప్పులు తగ్గించి, ఛార్జీల జోన్లు మార్చారు: అర్జీలో ఏం రాయాలి?

మీరు అడిగింది ఇది: 15 నిమిషాలకో బస్సు తిరిగే రూటుని 20 నిమిషాలకి మార్చారు, రాత్రి ఆఖరి బస్సు తీసేశారు, మీ స్టాపుని రెండో జోన్లో (ఛార్జీ లెక్కకి రూటుని విడగొట్టిన భాగాల్లో రెండోదాంట్లో) వేశారు, అభ్యంతరాలు చెప్పుకోవడానికి మూడు వారాలు గడువిచ్చారు. బస్సు షెడ్యూళ్ల లెక్కలూ వాటి మీద వచ్చే అర్జీలూ చూసిన అనుభవంతో చెప్తున్నాను, ఈ మూడింటినీ ఒకే ఫిర్యాదుగా కలపకండి. వాటి వెనకున్న కారణాలు వేరు, అడగాల్సినవీ వేరు.

ముందు ఈరోజే ఒక పని చెయ్యండి. పాత టైంటేబులు, పాత ఛార్జీల పట్టిక, స్టాపులో అంటించిన బోర్డు, మూడూ తేదీ కనబడేలా ఫొటోలు తీసి దాచుకోండి. కొత్తవి అమల్లోకి రాగానే పాతవి వెబ్‌సైట్లోంచి పోవడం మామూలే. ఆ తర్వాత ముందు ఎలా ఉండేదో చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. మీ రవాణా సంస్థ జీటీఎఫ్‌ఎస్ ఫైళ్లు (రూట్లు, స్టాపులు, టైముల వివరాలు ఒక ప్రామాణిక పద్ధతిలో ఇచ్చే డేటా) బయట పెడుతుంటే అవీ దించుకోండి. అది ఒక జిప్ ఫైలు, లోపల ఉన్నవి స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే మామూలు పట్టికలు. స్టాప్ టైమ్స్ పట్టికలో ఏ ట్రిప్పు ఏ స్టాపుకి ఎన్నింటికి రావాలో ఉంటుంది. స్టాప్స్ పట్టికలో జోన్ ఐడీ అనే నిలువు వరుస నింపి ఉంటే, జోన్ల గొడవకి అదే పనికొస్తుంది.

ఇక ట్రిప్పుల సంగతి. ఒక రూటుకి ఎన్ని బస్సులు కావాలో ఒక్క భాగహారంతో తేలుతుంది. బస్సు వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ బయల్దేరేదాకా పట్టే టైముని బస్సుకీ బస్సుకీ మధ్య ఎడంతో భాగించాలి. రానూపోనూ రన్నింగ్ టైం 80 నిమిషాలు, రెండు చివర్లా కలిపి ఆగేది 10 నిమిషాలు అనుకోండి. మొత్తం 90. పావుగంటకో బస్సు కావాలంటే 6 బస్సులు తిరగాలి. ఒకటి తీసేస్తే 90ని 5తో భాగించి 18 నిమిషాలకో బస్సు నడపొచ్చు. అయినా 20 అని వేస్తారు, ఎందుకంటే ప్రతి గంటా 5కి, 25కి, 45కి అంటే జనానికి గుర్తుంటుంది. కానీ 5 బస్సులు 20 నిమిషాల ఎడంతో తిరిగితే ఒక చుట్టు 100 నిమిషాలవుతుంది. అంటే ప్రతి చుట్టులోనూ 10 నిమిషాలు అదనంగా బస్సు ఆగి ఉంటుంది. మీరు పట్టుకోవాల్సింది ఆ 10 నిమిషాల్నే. ‘ఉన్న ఐదు బస్సులతోనే 18 నిమిషాలకి నడపండి’ అనొచ్చు, లేదా ‘ఆ టైములో రూటుని ఆస్పత్రి గేటు దాకా పొడిగించండి’ అనొచ్చు. రెండింటికీ కొత్త బస్సు అక్కర్లేదు, కొత్త డ్యూటీ అక్కర్లేదు, కాసిని కిలోమీటర్లు పెరుగుతాయి అంతే.

ఒక జాగ్రత్త. రద్దీ వేళ రన్నింగ్ టైం నిజంగా 80లో అయిపోతోందో లేదో చూసుకోకుండా ఇది అడగకండి. ట్రాఫిక్‌లో 88, 90 పడుతుంటే ఆ 10 నిమిషాలు ఆలస్యాన్ని సర్దుకోవడానికే పోతాయి. పైగా కాగితం మీద 15 అన్నంత మాత్రాన అది 20 కంటే మెరుగు కాదు. ఆలస్యాల వల్ల బస్సులు జంటలుగా పడి ఒకటి 5 నిమిషాలకి, తర్వాతది 25 నిమిషాలకి వస్తున్నాయనుకోండి. సగటు ఎడం 15 నిమిషాలే. కానీ జనంలో ఎక్కువమంది ఆ 25 నిమిషాల ఖాళీలోనే స్టాపుకి వస్తారు కాబట్టి లెక్క వేస్తే సగటున 10.8 నిమిషాలు నిలబడాల్సి వస్తుంది. సరిగ్గా 20 నిమిషాలకొకటి వస్తే నిలబడేది 10 నిమిషాలే. మీ రూటు పాత రోజుల్లో జంట బస్సుల రూటే అయితే పాత టైంటేబులు కోసం పోరాడడం వృథా. టైముకి నడపమని అడగండి.

అందుకే స్టాపులో కూర్చుని రాసుకోవాలి. ఒకే స్టాపు, ఒకే రెండు గంటలు, వరసగా రెండు వారాలు, పనిదినాల్లో. గీతలు కొట్టుకున్న నోటుబుక్కు చాలు. రావాల్సిన టైము, వచ్చిన టైము, బస్సు నంబరు, ఎంతమంది నిలబడి ఉన్నారు, ఎంతమంది ఎక్కలేక మిగిలిపోయారు. ఈ చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. టికెట్ మిషనుకి ఎక్కినవాళ్లే తెలుసు, ఎక్కలేనివాళ్లు ఏ రికార్డులోనూ ఉండరు. బడి సెలవులు, పరీక్షల రోజులు, కుండపోత వాన పడిన రోజులు పక్కన రాసుకుని లెక్కలోంచి తీసెయ్యండి. లేకపోతే అవతలివాళ్లు ఆ ఒక్క రోజు చూపించి మొత్తం కొట్టిపారేస్తారు.

‘ఈ రూటులో ఆదాయం లేదు’ అని జవాబొస్తే రెండు ప్రశ్నలు వెయ్యండి. పాసులున్నవాళ్లు ఎక్కినప్పుడు లెక్కలో పడుతున్నారా? పాసు చూపించి కూర్చుంటే చాలన్న చోట, విద్యార్థులూ వృద్ధులూ ఎక్కువగా ఎక్కే బస్సు కాగితం మీద ఖాళీగా కనిపిస్తుంది. రెండోది, సీట్ల నిండుదల ట్రిప్పు మొత్తానికి సగటా, లేక బాగా రద్దీగా ఉండే స్టాపుల మధ్య లెక్కా? మొత్తం మీద 40 శాతం ఉన్న ట్రిప్పులోనే మూడు స్టాపుల మధ్య కాలు పెట్టే చోటు ఉండకపోవచ్చు.

ఆఖరి బస్సు గురించి విడిగా రాయండి. అందులో నలుగురే ఉంటారు, నిజమే. కానీ ఆ నలుగురూ వెళ్లేటప్పుడు కూడా బస్సెక్కినవాళ్లే. తిరుగు బస్సు లేకపోతే వెళ్లేటప్పుడూ ఎక్కరు, ఆ నష్టం సాయంత్రం ట్రిప్పుల ఖాతాలో పడుతుంది. అంతకుముందు బస్సుకి వచ్చేవాళ్లు కూడా, అది తప్పితే ఇంకొకటుందన్న ధైర్యంతోనే బయల్దేరతారు. మొత్తం వారమంతా కుదరదంటే కొన్ని రోజులైనా షిఫ్టులు వదిలే టైముకి 15 నిమిషాలు అటో ఇటో జరిపి నడపమనండి. రద్దుని పూర్తిగా వెనక్కి తీసుకోమనడం కన్నా ఇలా జరపడానికి ఒప్పించడం తేలిక.

జోన్ల విషయంలో చాలామంది చేసే పొరపాటు, హద్దుని ఒక స్టాపు అవతలికి జరపమనడం. జరిపితే మీ బాధ పక్క స్టాపువాళ్లకి పోతుంది, వాళ్లు రేపు మీకు ఎదురు అర్జీ పెడతారు. హద్దు మీదున్న స్టాపుని రెండు జోన్లలోనూ లెక్కించమని అడగండి. రెండో జోన్లోకి వెళ్లేవాళ్లకి అది రెండో జోను, మొదటి జోన్లోకి వెళ్లేవాళ్లకి మొదటి జోను. రెండు స్టాపుల దూరానికి రెండు జోన్ల టికెట్ కొనే అన్యాయం దీంతో తగ్గుతుంది, పైగా దూరప్రయాణాల ఛార్జీ మారదు కాబట్టి ఆదాయం పెద్దగా పోదు. రోడ్డుకి రెండు వైపులా ఉన్న స్టాపుల్ని విడివిడిగా చూడండి. పేరు ఒకటే అయినా ఐడీలు వేరుగా ఉండొచ్చు. ఒకటి మొదటి జోన్లో, ఎదుటిది రెండో జోన్లో పడితే వెళ్లే ఛార్జీ ఒకటి, తిరిగొచ్చే ఛార్జీ ఇంకొకటి అవుతుంది. అది విధానం కాదు, డేటా తప్పు. వెళ్లిన టికెట్టూ వచ్చిన టికెట్టూ పక్కపక్కన పెట్టి పంపితే వాదన అక్కర్లేదు.

పాసు ఉన్నవాళ్లు మూడు సంగతులు లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. ఇప్పటికే కొన్న పాసు గడువు తీరేదాకా పాత జోన్లకే చెల్లుతుందా? చెల్లకపోతే మిగిలిన రోజుల సొమ్ము వెనక్కిస్తారా? పాసు జోను దాటి వెళ్తే దాటిన ముక్కకే డబ్బు తీసుకుంటారా, ఎక్కిన చోటు నుంచి మొత్తం టికెట్ కొడతారా? కార్డు తాకించే బస్సుల్లో ఈ మూడోదాన్ని ఒకసారి ప్రయాణించి, ఖాతాలో ఎంత కట్ అయిందో చూసుకోండి. దిగేటప్పుడు తాకించడం మరిచిపోతే గరిష్ఠ ఛార్జీ పడే పద్ధతి ఉంటే, జోను మారాక ఆ గరిష్ఠం కూడా పెరిగి ఉండొచ్చు.

మూడు నెలలు చూసి ‘జనం పెద్దగా తగ్గలేదు’ అంటే ఒప్పుకోకండి. ఛార్జీ 3 శాతం పెరిగితే జనం 1 శాతం తగ్గుతారన్నది 1960ల నాటి పాత అంచనా. 2004లో బ్రిటన్ పరిశోధకులు కూర్చిన లెక్కల్లో, బస్సు ఛార్జీ 10 శాతం పెరిగితే మొదట్లో 4 శాతం, చాలా ఏళ్లు గడిచాక దాదాపు 10 శాతం మంది తగ్గుతారని తేలింది. జనం వెంటనే బండి కొనరు, ఇల్లు మారరు, అందుకే మెల్లగా తగ్గుతారు. ఏడాది తర్వాత మళ్లీ సమీక్షిస్తామని ఇప్పుడే రాయించుకోండి.

ఒక్కో అర్జీ ఒక పేజీ దాటకూడదు. పైన రెండే కోరికలు, కింద మీ లెక్కల పట్టిక, సంతకాల పక్కన ఎవరు ఏ స్టాపులో ఎన్నింటికి ఎక్కుతారో. స్టాపు లేని వెయ్యి సంతకాల కంటే స్టాపు, టైము ఉన్న అరవై సంతకాలు షెడ్యూలు వేసేవాళ్లకి ఎక్కువ పనికొస్తాయి. డ్రైవర్ల మీద ఫిర్యాదులు ఇందులో కలపకండి. డ్యూటీ చార్టులు ఏ తేదీన ఖరారవుతాయో డిపోలో అడిగి, అంతకు కనీసం వారం ముందే ఇచ్చెయ్యండి. చార్టు అయిపోయాక ఒక్క ట్రిప్పు జరిపినా ఇద్దరు ముగ్గురి డ్యూటీలు కదపాలి, అప్పుడు మీ మాట సబబే అనిపించినా తర్వాతి మార్పు దాకా ఆగమంటారు.