పరిచర్య మాన్పిస్తే మార్కులు పెరుగుతాయా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు, పదకొండో తరగతి చదువుతోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వాక్యం చదువుకుని ప్రార్థన చేసుకుంటుంది. శుక్రవారం యవ్వనస్థుల కూడిక, శనివారం క్వయిర్ సాధన, ఆదివారం ఆరాధనలో కీబోర్డు, ఆ తర్వాత సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాఠం. ఈమధ్య మార్కులు తగ్గాయి. తనను కృత్రిమ మేధ కోర్సులో చేర్పించాలని మా ఆశ. దానికి గట్టి కోచింగ్ కావాలంటున్నారు. ఈ రెండేళ్లూ సంఘం పనులన్నీ ఆపించి చదువు మీదే కూర్చోబెట్టాలా? అలా చేస్తే దేవుని పనికి అడ్డుపడినదాన్ని అవుతానేమోనని భయం, చేయకపోతే బిడ్డ భవిష్యత్తు ఏమవుతుందోనని మరో భయం. రెండు దారులనూ పోల్చి చెప్పగలరు. తను వేసుకున్న టైంటేబుల్ జతచేస్తున్నాను. – ఒక తల్లి

జవాబు: అమ్మా, నాట్యం మాన్పించాలా, ఆటలు మాన్పించాలా అని అడిగే తల్లిదండ్రులు ఏటా పరీక్షల ముందు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. విశ్వాసుల ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్నకు మాత్రం ఇంకో ముడి ఉంటుంది. నాట్యం మాన్పించిన తల్లికి కొంత బాధ మిగులుతుంది, పరిచర్య మాన్పించిన తల్లికి అపరాధభావం మిగులుతుంది. మీరు పోలిక అడిగారు గానీ, ఉత్తరం పొడవునా నాకు వినిపించినవి ఇంకా ఎవరూ అనని రెండు మాటలు. "భక్తి ఎక్కువై చదువు చెడింది" అని బంధువులు అంటారేమో, "చదువు పిచ్చిలో పడి దేవుణ్ణి మరిచారు" అని సంఘస్థులు అంటారేమో అని మీరు ఇప్పటినుంచే నలిగిపోతున్నారు. ఆ నలుగుబాటు మీది, టైంటేబుల్ మాత్రం పిల్లది. కాబట్టి ముందు టైంటేబుల్ సంగతి చూద్దాం.

మూడు రంగుల స్కెచ్ పెన్నులతో, స్కేలుతో గీతలు గీసి, ఎంతో శ్రద్ధగా వేసుకుంది. బడి ఉన్న రోజుకు అందులోని గంటలను నేను కూడి చూశాను. వాక్యం, ప్రార్థన ఒక గంట, ఉదయపు చదువు రెండు, బడి ఏడు, ట్యూషన్ మూడు, కీబోర్డు సాధన ఒకటి, కుటుంబ ప్రార్థన అరగంట, రాత్రి చదువు మూడు, నిద్ర అయిదున్నర. మొత్తం 23 గంటలు. మిగిలిన ఒక్క గంటలో ఆ పిల్ల స్నానం చేయాలి, మూడు పూటలా భోజనం చేయాలి, బడికీ ట్యూషన్‌కూ వెళ్లి రావాలి. ఇది ఏ మనిషీ పాటించగలిగిన పట్టిక కాదు. దీన్ని పాటించలేకపోయిన ప్రతి రాత్రీ తనలోనే ఏదో లోపం ఉందని ఆ పిల్ల అనుకుంటుంది, ఆ అనుకోవడమే పెద్ద నష్టం. ఇంకొక సంగతి కూడా చూశాను. మీరు బహుశా పొరపాటున ఆ కాగితం వెనుక వైపు కూడా ఫొటో తీసి పంపారు. అక్కడ మూలన పెన్సిలుతో, చిన్న అక్షరాలతో, "ఆదివారం మధ్యాహ్నం ఖాళీ?" అని రాసి ఉంది. దాని గురించి చివర మాట్లాడతాను.

ఇక మీరు మాన్పించాలనుకుంటున్న సంఘం పనుల లెక్క. ఆదివారం ఆరాధన, సండే స్కూలు కలిపి నాలుగు గంటలు, కూడిక రెండు, క్వయిర్ సాధన రెండు అనుకుంటే వారానికి ఎనిమిది గంటలు. వారంలో ఉన్నవి 168 గంటలు. అందులో ఇరవయ్యో వంతు కూడా కాని ఆ ఎనిమిది గంటలే మార్కులను మింగేశాయని నేను నమ్మలేను. 13 నుంచి 18 ఏళ్ల వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. మీ అమ్మాయి నిద్రపోతున్నది అయిదున్నర. రోజుకు కనీసం రెండున్నర గంటల చొప్పున, బడి ఉన్న అయిదు రోజులకే పన్నెండున్నర గంటల నిద్ర కొరవడుతోంది. అంటే సంఘానికి ఇచ్చే సమయం కన్నా నిద్రలో కోల్పోతున్నదే ఎక్కువ. పగలు చదివినది జ్ఞాపకంలో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే కాబట్టి, రాత్రి మూడు గంటలు కళ్లు నులుముకుంటూ చదివినదానిలో ఎంత నిలుస్తుందో మీరే ఊహించుకోండి.

"అయితే పెందలాడే పడుకోమనండి" అని మీరు అనవచ్చు. యుక్తవయసులో నిద్రను పిలిచే మెలటోనిన్ శరీరంలో పెద్దవాళ్ల కంటే ఆలస్యంగా విడుదలవుతుంది. తొమ్మిదింటికి పడుకోబెట్టినా వెంటనే నిద్ర పట్టకపోవడం మొండితనం కాదు, ఆ వయసు స్వభావం. పదింటికి పడుకుని ఆరింటికి లేవడం వాళ్లలో చాలామందికి సాధ్యమైన పని. నాలుగున్నరకే లేవాలన్న నియమం ఎవరిదని మీ అమ్మాయిని అడగండి. ఎవరి సాక్ష్యంలోనో విన్నదై ఉంటుంది, లేదా పొద్దున్నే లేచి గెలిచినవారి వీడియోల్లో చూసినదై ఉంటుంది. యేసు చాలా వేకువనే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉన్న మాట నిజమే. తీరికలేని శిష్యులను ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమని ఆయన పిలిచిన మాట కూడా అదే సువార్త ఆరవ అధ్యాయంలో ఉంది. మొదటిది పిల్లలకు వందసార్లు బోధించి, రెండవది ఒక్కసారైనా చెప్పని ఇళ్లు నేను చాలా చూశాను. వాక్యధ్యానాన్ని అధ్యాయాల లెక్కన కాక సమయం లెక్కన పెట్టుకోవడం కూడా మంచిది. 117వ కీర్తనలో రెండే వచనాలు, 119వ కీర్తనలో 176. రోజుకిన్ని అధ్యాయాలని పెట్టుకున్న పిల్ల ఒకరోజు తేలిపోతుంది, ఒకరోజు మునిగిపోతుంది. నిద్ర చాలిన మనసుతో ఇరవై నిమిషాలు కూర్చోవడం, తూగుతూ గంటసేపు కూర్చోవడం కన్నా మేలని నా అభిప్రాయం. కాదని మీ కాపరి గారు అంటారని నేను అనుకోను.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను, క్షమించాలి. ఆదివారం ఆ పిల్ల కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు మీ ముఖం వెలుగుతుంది. సోమవారం మార్కుల పట్టీ చేతికి వచ్చినప్పుడు అదే కీబోర్డును తిడతారు. "మా అమ్మాయి చేస్తుంది లెండి" అంటూ ఒక్కొక్క బాధ్యతనూ ఒప్పుకున్నది ఎవరు? పదహారేళ్ల పిల్ల పెద్దలకు "కుదరదు" అని చెప్పలేదు. ఆ మాట తన తరఫున చెప్పవలసిన తల్లి, ముందు అన్నింటికీ తలూపి, ఇప్పుడు అన్నింటినీ ఒకేసారి తెంచేయాలంటున్నారు. అలా తెంచితే తనకు మిగిలే స్నేహితులెవరు, వారంలో తను నవ్వుతూ ఇంటికి వచ్చే రోజు ఏది అని మీ ఉత్తరంలో ఒక్క వాక్యమైనా లేదు.

కృత్రిమ మేధ కోర్సు గురించి నా అనుమానాలను దాచుకోను. ఆ రంగం మీద నాకు చిన్నచూపు లేదు, పదిహేడేళ్లకే ఆ పేరున్న డిగ్రీకి అంటుకుపోవడం మీదే నా అభ్యంతరం. 2022 మధ్యలో ఇలాంటి డిగ్రీల్లో చేరిన పిల్లలను తలచుకోండి. వాళ్ల మొదటి సంవత్సరం పూర్తికాకముందే, ఆ నవంబరు 30న, చాట్‌జీపీటీ వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి అప్పగించే చిన్నచిన్న ప్రోగ్రాముల పనిలో ఎంత భాగం మనిషిది, ఎంత భాగం యంత్రానిది అన్న ప్రశ్న వాళ్లు చదువులో ఉండగానే మారిపోయింది. మీ అమ్మాయి పట్టా పుచ్చుకునేసరికి ఇంకేం మారుతుందో చెప్పగలనని ఎవరైనా అంటే, ఆ మాట వెనుక అడ్మిషన్ ఫారం ఉందేమో చూసుకోండి. ఇన్ని మార్పుల్లోనూ మారనిది అడుగున ఉన్న గణితం. నేటి కృత్రిమ మేధ నమూనాలకు శిక్షణ ఇచ్చే గ్రేడియంట్ డిసెంట్ పద్ధతికి (తప్పును అడుగడుగునా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోయే లెక్క అది) మూలరూపాన్ని కౌషీ అనే ఫ్రెంచి గణితవేత్త 1847లోనే చెప్పాడు. సంభావ్యతలో ఈ రంగమంతా వాడుకునే సిద్ధాంతానికి పేరిచ్చిన థామస్ బేయస్ వృత్తిరీత్యా సంఘ కాపరి, ఆ వ్యాసం ఆయన చనిపోయిన రెండేళ్లకు, 1763లో అచ్చయింది. (దేవుని పనికీ లెక్కలకూ పొత్తు కుదరదని ఎవరైనా అంటే ఆయన పేరు చెప్పండి.) అందువల్ల గణితం, గణాంకశాస్త్రం, మామూలు కంప్యూటర్ సైన్సు, వీటిలో ఏ తలుపు నుంచి వెళ్లినా తర్వాత కృత్రిమ మేధలోకి ప్రవేశించవచ్చు. పేరు చూసి చేరి, మధ్యలో లెక్కలంటే భయపడి వెనక్కి వచ్చిన పిల్లలతోనే నాకు ఎక్కువ పని పడుతోంది. అయినా మీ అమ్మాయికి ఇష్టమైన సబ్జెక్టు ఏదో మీరు రాయనే లేదు. మీ ఆశ రాశారు.

దేవుని చిత్తం తప్పిపోతుందేమోనన్న భయం గురించి ఒక్క ఉదాహరణ చెబుతాను. గ్రహాల కదలికల సూత్రాలు కనుగొన్న ఖగోళశాస్త్రవేత్త యోహాన్ కెప్లర్ మొదట దైవశాస్త్రం చదివి సంఘసేవలోకి వెళ్లాలనుకున్నాడు. 1594లో గ్రాట్జ్ పట్టణంలో లెక్కల ఉపాధ్యాయుడిగా వెళ్లవలసి వచ్చినప్పుడు చాలాకాలం మథనపడ్డాడు. ఆ తర్వాత ఏడాది తన గురువుకు రాసిన లేఖలో, ఖగోళశాస్త్రంలో తాను చేస్తున్న పని ద్వారా కూడా దేవునికి మహిమ కలుగుతున్నదని సంతోషపడ్డాడు. పిలుపు ఒక్కసారే, పదహారేళ్లకే తేలిపోవాలన్న నియమమేదీ లేదు. మీ అమ్మాయి ఏ కోర్సులో చేరినా తన విశ్వాసం తనతోనే వెళ్తుంది.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. అన్నీ ఆపించే దారిలో వారానికి ఎనిమిది గంటలు చేతికి వస్తాయి, కానీ నిద్ర పెరగకపోతే ఆ గంటలు కూడా తూగుతూనే గడుస్తాయి. అన్నీ కొనసాగించే దారిలో ఏదీ సరిగ్గా జరగదు. నేను చెప్పేది మధ్యలోది. ఆరాధన అలాగే ఉండనివ్వండి, మిగిలిన మూడు బాధ్యతల్లో ఏది వదులుకోవాలో తననే ఎంచుకోనివ్వండి. సండే స్కూలు వదులుకుంటుందేమోనని మీరనుకుంటారు, నాకు మాత్రం అది ఉంచుకుంటే బాగుండుననిపిస్తుంది. ఆరేళ్ల పిల్లలకు ఒక కథ అర్థమయ్యేలా చెప్పగలిగిన వ్యక్తికి ఏ వృత్తిలోనైనా ఆ నేర్పు పనికివస్తుంది. కీబోర్డు బాగా వాయిస్తుంది కనుక సంగీతమే వృత్తి అని మాత్రం తొందరపడకండి. ఆరాధనలో పాటకు తోడు వాయించడం వేరు, స్వరలిపి చూసి ఏళ్ల తరబడి సాధన చేసి పోటీలో నిలబడడం వేరు. రాత్రి చదువు మూడు గంటల నుంచి గంటన్నరకు తగ్గించి, చదివినది మళ్లీ చదవడానికి బదులు పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాయమనండి. ట్యూషన్ మూడు గంటలూ నిజంగా అవసరమా అన్నది కూడా తనతోనే కూర్చుని తేల్చండి. తగ్గించిన బాధ్యత గురించి కాపరి గారితో మాట్లాడవలసింది మీరే, ఆ పని పిల్ల మీద పెట్టవద్దు. సంఘంలో ఇంకో పిల్లకు అవకాశం వస్తుంది, ఆయన కాదనరు.

ఆ పెన్సిలు రాత సంగతి. ఆదివారం మధ్యాహ్నం తనకు ఖాళీ కావాలని అడగడానికి కూడా ధైర్యం చాలక, కాగితం వెనుక ప్రశ్నగా రాసుకుంది. ఈ ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక సాయంత్రం దాకా తనకు ఏ పనీ చెప్పకండి, ఏం చదివావని అడగకండి, నిద్రపోతే లేపకండి. నాలుగు వారాల తర్వాత, పడుకున్న వేళ, లేచిన వేళ మాత్రమే రాసిన కాగితం ఒకటి నాకు పంపించండి. తనదే కాదు, మీది కూడా.