టేపు నీ దగ్గరే ఉంచుకో

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి సొంతంగా రేడియో కార్యక్రమాలు, పాడ్‌కాస్టు చేసుకుంటానని నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మ భయపడుతోంది. నాకు భయం లేదు గానీ, ముప్పై ఏళ్లు ఈ పని మీదే బతికినదాన్ని కనుక కొన్ని సంగతులు నీకు ముందే చెప్పాలి.

1996 నవంబరు 6 తుఫాను గురించి నువ్వు విన్నావు. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారేసరికి కోనసీమలో కొబ్బరి తోటలు తోటలుగా నేలమీద పడి ఉన్నాయి. నీళ్లు తీశాక రికార్డరు భుజాన వేసుకుని పన్నెండు రోజులు తీరం పల్లెల్లో తిరిగాను. వేటకు వెళ్లి తిరిగిరాని వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు నాతో మాట్లాడారు. ఒకామెను భర్త పేరు అడిగితే ఆచారం కొద్దీ చెప్పలేదు, పడవ పేరు చెప్పింది. ఆ అరగంట కార్యక్రమం చేయించుకున్న సంస్థకు అసలు టేపులన్నీ ఇచ్చేశాను. నకలు ఉంచుకోలేదు. నాలుగేళ్ల తర్వాత అడిగితే, వాటిని చెరిపి వేరే రికార్డింగులకు వాడేశామన్నారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు కనుక గట్టిగా అడగలేకపోయాను. ఆ గొంతులు ఇక ఎక్కడా లేవు. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకో.

నీకు టేపుల ఖర్చు లేదు. మంచి నాణ్యతతో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక్క మైకుతో చేసిన రికార్డింగు గంటకు సుమారు 500 ఎంబీ అవుతుంది. అది పెద్ద లెక్క కాదు. రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఊళ్లో, మీ అమ్మ దగ్గర ఉంచు. వరదలు, తుఫానులు వచ్చే చోట రెండు నకళ్లూ ఒకే ఇంట్లో ఉంచకూడదు. ప్రతి ఫైలుకూ తేదీ, ఊరు, మాట్లాడినవారి పేరు ఆ రాత్రే రాయి. మర్నాడు రాద్దామనుకుంటే గొంతు ఎవరిదో మరిచిపోతావు.

ఇక కాగితం సంగతి. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ చదువుకో. హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకేనని, ఎక్కడి వరకో రాయకపోతే భారతదేశం వరకేనని అందులోనే ఉంది. 'సర్వహక్కులూ శాశ్వతంగా' అన్న మాట కనబడితే సంతకం ఆపు. ప్రసార హక్కు రెండేళ్లకు ఇస్తాను, అసలు రికార్డింగు నా దగ్గరే ఉంటుందని చెప్పు. ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు మార్పులు, డబ్బు ఎప్పుడు అన్నవి కూడా అందులోనే రాయించు. సగం ముందు తీసుకో. అడగడానికి మొహమాటపడకు, నేను మొహమాటపడి పోగొట్టుకున్నాను.

పాడ్‌కాస్టుకూ ఇదే మాట. మన దేశంలో ఒక మనిషి తన పేరున రేడియో స్టేషను పెట్టుకోలేడు. కమ్యూనిటీ రేడియోను విద్యాసంస్థలకు తోడు స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చింది కూడా 2006 నుంచే. పాడ్‌కాస్టుకు ఆ లైసెన్సు గొడవ లేదు, అందుకే నీకు అది నచ్చింది. అయితే నీ ఎపిసోడ్లను వినేవాళ్ల ఫోన్లకు చేర్చేది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు, అంటే నీ ఎపిసోడ్ల జాబితా ఉండే ఇంటర్నెట్ చిరునామా. నీ ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీని మార్చుకుంటే పాత ఫీడు నుంచి కొత్తదానికి మళ్లింపు ఇస్తారో లేదో చేరేముందే అడుగు. ఇవ్వకపోతే నీ శ్రోతలు నీతో రారు.

రికార్డింగు గురించి నీకు కళాశాలలో చెప్పి ఉంటారు. ఇక్కడి సంగతి మాత్రం ఇక్కడే నేర్చుకోవాలి. కొబ్బరాకులు గాలికి కదిలితే మైకులో అచ్చం వాన పడుతున్నట్టే ఉంటుంది. ఎండలో మాట్లాడుతున్న రైతు వెనక వాన వినబడితే శ్రోత నమ్మడు. కాబట్టి తోటలో కాక పెరటి గోడ చాటున కూర్చోబెట్టు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టు. చేపల, రొయ్యల చెరువుల మీద ఆక్సిజన్ కోసం తిరిగే ఏరేటర్ల మోత దూరం నుంచి కూడా వస్తుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే గానీ తెలియదు. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ చోటి నిశ్శబ్దం కూడా రికార్డు చెయ్యి, ఎడిటింగులో మాటల మధ్య అతుకు కనబడకుండా అదే కాపాడుతుంది.

ఎపిసోడు మొదట్లో సినిమా పాట ముక్క వేయకు. సౌండ్ రికార్డింగు మీద 60 ఏళ్ల హక్కు ఉంటుంది. లాకుల తలుపుల దగ్గర నీళ్ల హోరు, రేవులో పంటు ఇంజను, కొబ్బరికాయ ఒలుస్తుంటే గునపం మీద పీచు చీలే చప్పుడు ఎవరి అనుమతీ లేకుండా నీకు దొరుకుతాయి.

నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఎవరినీ కూర్చోబెట్టకు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు మనుషులకు తీరిక, మాటలకు ఓపిక ఉంటాయి. అడిగిన ప్రశ్నకు జవాబు అయిపోయిందనిపించగానే ఇంకో ప్రశ్న వేయకు. అయిదు అంకెలు లెక్కపెట్టుకో. అసలు మాట తరచు ఆ ఖాళీలోనే వస్తుంది. రికార్డరు ఆపాక 'ఇది వేయకమ్మా' అంటే ఎంత బాగున్నా తీసెయ్యి. ఆ ఊరికి నువ్వు మళ్లీ వెళ్లాలి.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. మొదట్లో పాడ్‌కాస్టు అన్నం పెట్టదు. ఇతరుల ఎడిటింగు, పాఠాలకు గొంతు ఇవ్వడం లాంటి పనులు వదలకు. ఒక్క ఆక్వా మందుల దుకాణం ప్రకటన మీదే బతకాలని చూడకు. చెరువుల ఉప్పునీళ్లు వరి చేనులోకి దిగాయని ఒక రైతు ఏడ్చే రోజున నీ గొంతు పెగలదు. పల్లెల్లో చాలామంది వాట్సాప్‌లోనే వింటారు కనుక అరగంట మాటల ఎపిసోడును 64 కేబీపీఎస్ మోనోలో పెట్టి పంపు. 15 ఎంబీ లోపే వస్తుంది, మాట స్పష్టంగానే ఉంటుంది.

నా పెట్టెలో పద్నాలుగు క్యాసెట్లు మిగిలాయి. లంక ఊళ్ల పడవవాళ్లవి, కొబ్బరికాయల దింపు కార్మికులవి. కొన్నింటికి బూజు పట్టింది, నా ప్లేయరు బెల్టు సాగిపోయింది. కాలువలు కట్టగానే మంచి ప్లేయరు ఒకటి వెంటబెట్టుకుని రా. ఏవి ఎవరివో నాకు గుర్తున్నంత వరకు చెబుతాను, నువ్వు రాసుకో.

పెద్దమ్మ