ఒకే స్పీకర్, ఒక చెక్క పెట్టె

ప్రశ్న: సార్, క్రాస్‌ఓవర్ (బేస్‌ని, సన్నటి శబ్దాల్ని వేర్వేరు స్పీకర్లకి పంచే సర్క్యూట్) గొడవ లేకుండా ఒక్కో పెట్టెకి ఒకటే 4 అంగుళాల ఫుల్‌రేంజ్ డ్రైవర్ (అన్ని స్వరాలూ తానే పలికే స్పీకర్) పెట్టి సొంతంగా స్పీకర్లు చేద్దామనుకుంటున్నా, పాత ఘంటసాల పాటల కోసం. ఏ డ్రైవర్ తీసుకోవాలి, ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) కొట్టించాలా ప్లైవుడ్డా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: గొంతు వినడానికైతే మంచి ఆలోచనేనండీ, కానీ గుండెల మీద గుద్దే బేస్ మాత్రం 4 అంగుళాల దాంట్లోంచి రాదు, ఆ ఆశ ఇప్పుడే వదిలేయండి. కొనేముందు వాట్స్ చూసి మోసపోకుండా డేటాషీట్‌లో క్యూటీఎస్ (Qts) అనే అంకె చూడండి, డ్రైవర్ తన ఊపుని ఎంత అదుపులో పెట్టుకుంటుందో చెప్పేది అదే, అది 0.3, 0.4 దగ్గరుంటే పోర్ట్ పెట్టెకి (గాలి గొట్టం ఉన్న పెట్టెకి) బాగుంటుంది, 0.5 దాటితే మూసిన పెట్టే మేలు. ఫోస్టెక్స్ కంపెనీ వాళ్ల కాగితం కోన్లు (స్పీకర్లో కదిలే గరాటు భాగం) గొంతుని ముందుకు తెస్తాయి, మార్క్ ఆడియో కంపెనీ వాళ్లవి ఎక్కువగా మెటల్ కోన్లు, శుభ్రంగా ఉంటాయి. నాకైతే కాగితమే ఇష్టం.

ఇక చెక్క. ఎండీఎఫ్ చవక, కోత నున్నగా వస్తుంది, కానీ మీది సముద్రపు ఊరు కదా, తేమకి అంచులు ఉబ్బుతాయి, అంచులో స్క్రూ తిప్పితే చీలిపోతుంది కూడా. ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 ఎంఎం మెరైన్ ప్లైవుడ్ అడగండి, లోపల ఖాళీలు లేని షీట్ ఏరుకోండి, వేలితో తట్టితే బోలుగా మోగే చోటు తెలిసిపోతుంది. పార్టికల్ బోర్డ్ వద్దేవద్దు.

పెట్టె చేశాక గొంతు పల్చగా అనిపిస్తే డ్రైవర్‌ని తిట్టకండి, సన్నటి పెట్టెలో కింది స్వరాలు వెనక్కి చుట్టుకుపోతాయి, గోడకి కాస్త దగ్గరగా జరిపి చూడండి.