కొత్త మైకు కొనే ముందు

చిత్తూరు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు తిరుపతి నుంచి పంపిన రెండు రికార్డింగులూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. వాయింపు బాగుంది. అయితే మొదటిదాంట్లో అక్యూస్టిక్ గిటారు బావిలోంచి వినిపిస్తున్నట్టుంది, రెండోదాంట్లో ఎలక్ట్రిక్ గిటారు వెనక గుయ్యిమని ఒకటే మోత. ఇంకా మంచి మైకు కొనమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఆ తప్పులు మైకువి కావు. ఖరీదైన మైకు పెడితే ఆ బావి ఇంకా స్పష్టంగా వినబడుతుంది, అంతే.

మొదట గది సంగతి. మిద్దె మీది గదిలో టైల్స్ నేల, ఉత్త గోడలు, పైన స్లాబు. గిటారు శబ్దం వాటికి కొట్టుకుని తిరిగొచ్చి మైకులో పడుతోంది. గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టి చూడు, నీకే తెలుస్తుంది. కింద పడకగదికి మారు. దూది పరుపులు, బట్టల బీరువా ఉన్న గదిని మించిన స్టూడియో ఇంట్లో దొరకదు. బీరువా తలుపులు తెరిచిపెట్టు. కాళ్ల కింద జంపఖానా పరువు. ఒక పరుపుని నీ వీపు వెనక గోడకి నిలబెట్టు, లాగేముందు మీ అమ్మకి ఒక మాట చెప్పు. వెనకే ఎందుకంటే, కార్డియాయిడ్ మైకు తన ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువగా వింటుంది. దాని ఎదురుగా ఉన్నది నువ్వూ, నీ వెనక గోడా. మూలలో మాత్రం కూర్చోవద్దు, అక్కడ బేస్ ఉబ్బిపోతుంది. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించే ఆలోచన ఉంటే మానుకో. అవి పైస్థాయి శబ్దాన్ని కాస్త చెదరగొడతాయేగానీ కింది మోతని ఆపలేవు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం.

మైకుని సౌండ్‌హోల్‌కి, అంటే డొల్ల మీది గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెట్టావని వింటేనే తెలుస్తోంది. అక్యూస్టిక్ గిటారు డొల్లలోని గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర గట్టిగా మోగుతుంది, అదంతా ఆ రంధ్రంలోంచే బయటికొస్తుంది. మైకుని గిటారు మెడ మీది 12వ ఫ్రెట్‌కి (అడ్డకమ్మీకి) ఎదురుగా, జానెడు దూరంలో పెట్టి, మూతిని మెడ, డొల్ల కలిసే చోటికి కొద్దిగా తిప్పు. అక్కడ అరనిమిషం రికార్డు చెయ్యి. రెండంగుళాలు జరిపి మళ్లీ అరనిమిషం. ఇలా నాలుగు చోట్ల చేసి విను. కింది, పై స్థాయిల్ని పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో గంటసేపు కుస్తీ పట్టినా రాని తేడా ఆ రెండంగుళాల్లో వస్తుంది.

ఇక ఎలక్ట్రిక్ గిటారు మోత. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోత కూడా 50, 100 దగ్గరే ఉంటుంది. ఎక్కడినుంచి వస్తోందో ఒక్కొక్కటిగా తేల్చు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడుపు; ఆగిపోతే తప్పు చార్జర్ వైపుది. ఆగకపోతే గిటారు పట్టుకుని కూర్చున్నచోటే మెల్లగా తిరుగు. ఒక దిక్కున మోత తగ్గితే అది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికని కరెంటుగా మార్చే ఒంటి తీగచుట్ట) పట్టుకుంటున్నదే, ఆ దిక్కుకే తిరిగి వాయించు. ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్ లైటు కట్టేసి కూడా చూడు. ఎర్తు పిన్ను పీకేస్తే మోత పోతుందని ఎవరు చెప్పినా ఆ పని చెయ్యొద్దు. చెయ్యి తీగల మీద ఉండగా షాక్ కొడితే ప్రాణానికే ముప్పు.

ఇంటర్‌ఫేస్ మీద, అంటే గిటారుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె మీద, ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కావా? లైన్ మీదే ఉంచితే పికప్ మీద భారం పడి స్వరంలో మెరుపు చచ్చిపోతుంది. నీ రెండోదాంట్లో అదే జరిగిందనుకుంటున్నా.

రికార్డు లెవెల్ మీటరుని 24 బిట్ సెట్టింగులో మైనస్ 12 డీబీ (డెసిబెల్) దగ్గర ఆడనీ. పాటలో అన్నిటికంటే గట్టిగా వాయించే చోటు వాయించి గెయిన్ (లోపలికొచ్చే శబ్దాన్ని పెంచే మీట) పెట్టుకో, అక్కడ కూడా మైనస్ 6 దాటకూడదు. మీటరు పై అంచైన సున్నా దాటి చిట్లిన స్వరాన్ని తర్వాత సరిచెయ్యలేం.

మొదటి గిటారు వింటూ దాని మీద వాయించిన రెండో గిటారు వెనకబడిందన్నావు. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవరే (ఆ ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకో. రికార్డింగప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగేసుకునే శబ్దపు ముక్కలు, అంటే శాంపిళ్లు) 128 పెట్టు; సెకనుకి 48 వేల శాంపిల్ రేటులో అది మూడు మిల్లీసెకన్లకి లోపే. మిక్సింగప్పుడు 1024కి పెంచు. వెడల్పు కోసం ఒకే టేకుని (ఒకసారి వాయించిన రికార్డింగుని) కాపీ చేసి ఎడమకొకటి, కుడికొకటి పెట్టావు చూడు, దానివల్ల శబ్దం పెరుగుతుందే తప్ప వెడల్పు రాదు. రెండుసార్లు వాయించాల్సిందే. చేతి కదలికలో వచ్చే చిన్న చిన్న తేడాలే ఆ వెడల్పు.

తీగలు ముందురోజే మార్చి, లాగి లాగి సాగదియ్యి. శ్రుతి చేసేటప్పుడు ఎప్పుడూ కిందినుంచి పైకి బిగిస్తూ ఆపు. పైనుంచి దించి ఆపితే వాయిస్తుండగా ఇంకా జారుతుంది. ప్రతి టేకుకీ ముందు శ్రుతి చూడు, ముఖ్యంగా నువ్వు మోహనంలో తీగ లాగి గమకాలు పలికిస్తున్నావు కాబట్టి. ఫ్యాన్ ఆపక తప్పదు. మే నెల ఎండల్లో చేతులు చెమట పడతాయి; రెండు నిమిషాల టేకు, తర్వాత ఫ్యాన్ కింద తుండుతో చేతులూ తీగలూ తుడుచుకోవడం, మళ్లీ టేకు.

కింది గదిలో అదే ముక్క ఒక నిమిషం వాయించి పంపు. రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్టు) వెయ్యొద్దు, ఎమ్‌పీ3 చెయ్యొద్దు, వేవ్ ఫైలు ఉన్నదున్నట్టు కావాలి. మైకు ఎక్కడ పెట్టావో ఫోటో కూడా పెట్టు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
నీ మామ