పాత మార్కెట్ షెడ్లలో ఫుడ్ స్ట్రీట్ నడుస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి కోపెన్‌హాగెన్‌లో ఉంటాడు. వేసవిలో వెళ్లినప్పుడు రెఫెన్ అనే ఫుడ్ మార్కెట్ చూపించాడు. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారట. మా ఊళ్లో మున్సిపాలిటీ వారి పాత కూరగాయల మార్కెట్ షెడ్లు ఏళ్లుగా ఖాళీగా పడున్నాయి. అలాంటిది ఇక్కడ పెడితే నడుస్తుందా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: నడుస్తుందమ్మా. తినేవాళ్లకి మన దగ్గర లోటా? నా అనుమానమల్లా అక్కడ ఎవరికి చోటిస్తారనే.

మీరు చూసింది బర్మైస్టర్ అండ్ వేన్ వారి షిప్‌యార్డు స్థలం. ఆ కంపెనీ 1996లో దివాలా తీసింది. రెఫెన్ 2018లో వచ్చింది. అంతకుముందు ఆ నిర్వాహకులే అదే నగరంలోని పేపర్ ఐలండ్‌లో, న్యూస్‌ప్రింట్ దాచిన పాత గోదాముల్లో 2014 నుంచి 2017 దాకా మార్కెట్ నడిపారు. జనం విరగబడి వచ్చారు. అయినా అక్కడ కొత్త భవనాలు కట్టాల్సి ఉండటంతో ఖాళీ చేశారు. గడువు సంగతి వాళ్లకు ముందే తెలుసు. మన బండివాళ్లకు చెప్పేదెవరు? అందుకే ఎన్నేళ్లకు ఇస్తారో మొదట కాగితం మీద రాయించాలి.

ఇక షాపులకు వేలం పెట్టారా, పని అయిపోయినట్టే. పెద్ద హోటళ్ల వాళ్లు పాడుకుంటారు, రంగురంగుల లైట్లు కడతారు, ప్లేటు పునుగుల ధర రెట్టింపవుతుంది. ఆ షెడ్ల బయట ఇప్పుడు పునుగులు వేసే ఆవిడ ఇంకో వీధి వెతుక్కోవాలి. కానీ చట్టం ఆవిడ వైపే ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్టిఫికెట్ ఉన్న వ్యాపారి చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి.

శానిటేషన్‌లో పనిచేసినవాణ్ణి కనుక ఇదొకటి చెప్పకుండా ఉండలేను: కాలువ చూడండి. కూరగాయల మార్కెట్ కాలువ మట్టీ ఆకులూ కొట్టుకుపోవడానికి కట్టింది. దాంట్లోకి మరిగిన నూనె, ప్లేట్లు కడిగిన నీళ్లు వదిలితే జిడ్డు గడ్డకట్టి పూడుకుపోతుంది. నూనె పైకి తేలి ఆగేలా తొట్టి కట్టించాలి. మంచినీళ్ల కుళాయి, చేతులు కడుక్కునే చోటు, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి – లైట్ల కంటే ముందు ఇవి.

కమిషనర్ దగ్గరికి ఒక్కరే వెళ్లకండి, ఆ పునుగులావిడనీ పక్క బండ్లవాళ్లనీ వెంటబెట్టుకెళ్లండి. వెండింగ్ కమిటీ చివరి సమావేశం మినిట్స్ కాపీ అడగండి. అసలు కమిటీయే వేయలేదంటే, మీ మొదటి అర్జీ దాని గురించే పెట్టండి.