ముందు చక్రం జోలికి పోకు

నరసరావుపేట

చి. శ్రీకాంత్‌కు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు సైకిలు మీద హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తున్నావట, 200 కిలోమీటర్ల పైచిలుకు. వినగానే ఛాతీ పొంగింది. దానికోసం ఉన్న మామూలు టైర్లనే ట్యూబ్‌లెస్‌గా, అంటే లోపల ట్యూబు లేకుండా నడిచేలా, మారుస్తున్నావని చెప్పాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగంలోనే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

ఎందుకు మారుస్తున్నావో తెలుసు. మన్ననూరు దాటితే అడవి, అక్కడ పంచరు షాపు వెతుక్కోలేవు. ట్యూబ్‌లెస్ అయితే ముల్లు దిగినా, టైరు లోపల పోసే సీలెంట్ అనే తెల్లటి ద్రవం చిల్లు దగ్గర గడ్డకట్టి మూసేస్తుంది. పల్నాడు పల్లేరు కాయల పుణ్యాన నలభై ఏళ్లు పంచర్లేసి అన్నం తిన్నవాణ్ణి, ఆ సుఖం నాకు తెలీదా?

పని చిన్నదే. పాత రబ్బరు పట్టీ పీకేసి, రిమ్ము స్పిరిట్‌తో తుడిచి, ట్యూబ్‌లెస్ రిమ్ము టేపు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బిగలాగి అతికించు. వాల్వు బిగించి, టైరు ఎక్కించి, అంచులకి సబ్బు నీళ్లు రాయి. గాలి కొడితే టక్కుమని టైరు అంచు రిమ్ములో కూర్చుంటుంది. తర్వాత వాల్వు లోపలి పిన్ను విప్పి 60 నుంచి 100 మి.లీ. సీలెంట్ పొయ్యి. మన ఎండలకి అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, చూసుకుంటూ ఉండు. ఇదంతా వీడియోల్లో ఉంటుంది. వాటిలో లేనిది నా ఎడమ చెవి కథ.

2015 ఎండాకాలంలో ఒకబ్బాయి గేర్ల సైకిలు తెచ్చి, దీన్ని ట్యూబ్‌లెస్ చెయ్యగలరా అని అడిగాడు. రాదు అనడం నాకు నామోషీ. చిన్న సైజు ట్యూబు ఒకటి నిలువునా చీల్చి రిమ్ముకి తొడిగి, దాని మీద అతని పాత టైరే ఎక్కించాను. కంప్రెసర్ పెట్టాను. గాలి ఒత్తిడి 30 పీఎస్ఐకి వచ్చేసరికి బుస్సుమని కారింది. 40కి ఒక పక్క కూర్చుంది, రెండో పక్క మొండికేసింది. టైరు మీద 65 పీఎస్ఐ దాకా అని అచ్చేసి ఉంది కదా, ఇంకాస్త ఎక్కించాను. ఆ అంకె ట్యూబు ఉన్నప్పటి మాట అని అప్పుడు తట్టలేదు.

పంచరు పట్టేవాడి అలవాటు నీకు తెలుసుగా, గాలి ఎక్కడ కారుతోందో చెంప దగ్గర పెట్టుకుని చూస్తాం. ఇన్నేళ్లూ నాకు కూడు పెట్టిన అలవాటది. అలాగే వంగాను. పేలింది. టైరు రిమ్ము నుంచి ఊడి గోడకి కొట్టుకుంది, కప్పు మీదా క్యాలెండర్ మీదా తెల్లగా సీలెంట్. టీ తేవడానికి వెళ్లిన కుర్రాడు ఇంకో నిమిషం ముందు వచ్చి ఉంటే నా పక్కనే ఉండేవాడు. నాలుగు రోజులు చెవిలో గుయ్ మంటూనే ఉంది. అది తగ్గాక చూసుకుంటే ఆ చెవి సగమే పని చేస్తోంది. ఈ సంగతి మీ నాన్నకి కూడా తెలీదు. వయసు మీద పడిందని చెప్పుకుంటూ వస్తున్నాను. మీ పెద్దమ్మ ఎడమ పక్క నుంచి పిలిచి పిలిచి నేను పట్టించుకోనని తిట్టుకుంటూ ఉంటుంది.

చెవితో పోయిందని ఊరుకోవచ్చు. కానీ ఆ టైరు నా దగ్గర నిలబడి, ఆ అబ్బాయి కోటప్పకొండ ఘాట్ దిగుతుంటే ఊడి ఉంటే? ఇప్పటికీ కొన్ని రాత్రులు అదే ఆలోచన.

ఊడిన టైరు చూస్తే అంచులో తీగ సాగిపోయి ఉంది. ట్యూబ్‌లెస్ టైరు అంచు బిగువుగా చేస్తారు, సాగదు. దాన్ని పట్టి ఉంచడానికి ట్యూబ్‌లెస్ రిమ్ములో మెట్టు కూడా ఉంటుంది. మామూలు టైరుకి అంత బిగువుండదు. మలుపులో పక్కకి ఒత్తిడి పడితే అంచు జారి గాలి భుస్సున పోతుంది.

ఈగలపెంట నుంచి డ్యామ్ దాకా అంతా దిగుడు, మలుపు మీద మలుపు. అందుకని ముందు చక్రానికి అసలు ట్యూబ్‌లెస్ టైరే కొను, లేదా ట్యూబుతోనే వెళ్లు. వెనక దానితో ప్రయోగం చేస్తానంటే 35 దాటించకు, ముందు ఊళ్లో ఒక నెల తొక్కి చూడు. రిమ్ము గోడకి లోపల కొక్కెం లేకపోతే మామూలు టైరు ఊసే ఎత్తకు. తాతయ్య రాడ్ బ్రేకుల సైకిలు మీద కూడా ఈ పని మొదలుపెట్టావంటే మాత్రం ఊరుకోను!

బ్యాగులో ట్యూబు పెట్టుకో. దారిలో ట్యూబు వెయ్యాల్సి వస్తే, వేసే ముందు టైరు లోపల నిదానంగా తడిమి చూడు. సీలెంట్ మూసిన ముళ్లన్నీ అక్కడే ఉంటాయి, అన్నీ పీకెయ్యి.

ఆరేళ్లప్పుడు షాపులో నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని, బుడగ కనిపించగానే చప్పట్లు కొట్టేవాడివి. ఒకసారి బుడగ రాని ట్యూబుకి కూడా కొట్టావు, నా మొహం చూసి పాపం అనిపించిందట.

ముందు టైరు ఖర్చు నాది, బిల్లు పంపించు. గాలి కొట్టేరోజు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి దూరంగా ఉంచు. నువ్వూ చెయ్యి చాచినంత దూరంలో ఉండు, వంగకు. ఆ టక్కుమనే చప్పుడు నాకు కుడి చెవితో వినాలని ఉంది.

పెదనాన్న